మెట్‌పల్లి కాపీ

మొన్న మందుల దుకాణంలో పాత ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ బిల్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండింది. దుకాణదారు తప్పేం లేదు. ఆ చప్పుడు వింటే కరీంనగర్‌లో నేను పనిచేసిన కంప్యూటర్ ఆఫీసు, అక్కడ నాకు పని నేర్పిన గ్రేస్ మేడం, నేను నోరు మూసుకుని నిలబడ్డ ఆ రోజు గుర్తొస్తాయి.

తొంభైల్లో చిన్న దవాఖానాలకు రక్తపరీక్షల చీటీలు ముద్రించే ప్రోగ్రామ్ తయారుచేసేవాళ్లం. ఒకరికి డాక్టరు పేరు పైన ఉండాలి, ఇంకొకరికి కింద. ఒకరికి తెలుగు, ఇంకొకరికి ఇంగ్లీషు. అడిగినవాళ్లకల్లా వేరే కాపీ తీసి మార్చివ్వడం మేడంకు గిట్టేది కాదు. ప్రోగ్రామ్ అందరికీ ఒకటే. ఎవరికేం కావాలో చిన్న ఫైలులో రాస్తే, అది చదువుకుని నడుచుకోవాలి. ప్రతి మార్పూ ఎర్రట్ట బుక్కులో ఎక్కాలి: ఏం మారింది, ఏ దవాఖానాకు, ఎవరు చేశారు. "పది కాపీలుంటే ఒక్క తప్పును పదిచోట్ల దిద్దాలె మాధవీ. తొమ్మిది యాదికుంటయ్, ఒకటి మర్చిపోతం," అనేవారు.

మా ఓనరుకు అంత ఓపిక ఎక్కడిది! మెట్‌పల్లి నుంచి కొత్త దవాఖానా వాళ్లు తొందరపెడితే, మేడం సెలవులో ఉన్నప్పుడు నన్ను పిలిచాడు. "గదేం పెద్ద పని? ఓ కాపీ కొట్టియ్. మేడంకు చెప్పకు." కొట్టిచ్చాను. బుక్కులో రాయలేదు.

తర్వాత ఒక తప్పు బయటపడింది. రక్తం గ్రూపు నింపకుండా వదిలేస్తే, ముందు రోగి గ్రూపే చీటీ మీద పడుతోంది. మేడం వెంటనే దిద్ది, బుక్కులో ఉన్న దవాఖానాలన్నిటికీ ఫ్లాపీలు పంపారు. మెట్‌పల్లి బుక్కులో లేదు. నాకు తెలుసు. తిడతారని భయపడి, రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ వారంలోనే అక్కడ కాన్పుకొచ్చిన ఒకామెకు వేరే గ్రూపు రక్తం తెప్పించారు. ఎక్కించే ముందు నర్సు మళ్లీ పరీక్ష చేయబట్టి ఆమె బతికింది.

ఓనరు అందరి ముందూ మేడం మీద అరిచాడు. "గీ ప్రోగ్రామ్ నీదే గదా? పాణం పోతే ఎవరు జవాబిస్తరు?" కాపీ కొట్టమన్న నోరే అది! సిగ్గులేని మనిషి. నేను మాత్రం తక్కువ తిన్నానా? తలవంచుకుని నిలబడ్డాను. మేడం నా వైపు ఒకసారి చూసి, "ప్రోగ్రామ్ నాదే సార్. బుక్కుల ఎక్కని ఈ కాపీ ఎవరు కొట్టమన్నరో మీకు ఎర్కే," అన్నారు. సాయంత్రానికల్లా ఆమె ఉద్యోగం ఊడింది. అయినా మర్నాడు మెట్‌పల్లి బస్సెక్కి, దిద్దిన ఫ్లాపీ తానే ఇచ్చి వచ్చారు. బుక్కు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పటికీ నా కింద పనిచేసేవాళ్లు "వేరే కాపీ తీద్దాం" అంటే గొంతు చించుకుని అరుస్తాను. ఆ బుక్కు నా సొరుగులోనే ఉంది. చివరి పేజీలో మేడం చేతిరాత: "మెట్‌పల్లి కాపీ తీసేసి, అందరి ప్రోగ్రామే పెట్టాను." దానికి పైన, అక్కడి ఫైలు తేదీ చూసి ఆ కాపీ పుట్టిన రోజు కూడా రాసి, ఎవరు చేశారన్న గడి ఖాళీగా వదిలారు, నన్నే నింపుకోమని. ఓనరును ఇన్నేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ గడిలో నా పేరు మాత్రం ఇంకా రాయలేదు.