చూరు చూసి పేరు పెట్టిన ఇళ్ళు

మా చిన్నప్పుడు... సెలవులొస్తే అమ్మ వెంట చేపలమ్మడానికి వెళ్ళేదాన్ని. బందరు నుంచి తొలి బస్సులో దిగిన గంపను నెత్తిన పెట్టుకుని ఉయ్యూరు వీధుల్లో అమ్మ ముందు నడిచేది... తక్కెడ పట్టుకుని వెనక నేను.

నెత్తిన గంప ఉన్నప్పుడు మెడ వంచకూడదు కదా... అందుకని అమ్మ ఎవరి గడపనీ చూసేది కాదు. దూరం నుంచి ఆమె కంటికి ఆనేది ఇంటి చూరే. తలుపు నంబర్లతో పని లేదు. చూరును బట్టి ప్రతి ఇంటికీ అమ్మ ఒక పేరు పెట్టుకుంది.

చూరు అంచున కొట్టిన చెక్క చీర కుచ్చిళ్ళలా వంపులు తిరిగి ఉంటే అది కుచ్చుల చూరు. అదే చెక్కను కోసుగా కోసి ఉంటే రంపప్పళ్ళ చూరు. పెంకుటింటి నడికొప్పుకి రెండు చివర్లా మట్టి చిలకలు కూర్చుని ఉంటే చిలకల కొప్పు. పెంకులు దించేసి డాబా వేసుకున్నవాళ్ళయితే పిట్టగోడ మీద సింహాలో, తామరపూలో, కిరణాలతో సూర్యుడో పెట్టించుకునేవారు. చర్చి వీధిలో టీచరుగారింటి మీద పెద్ద సిమెంటు నక్షత్రం ఉండేది.

"సూరీడింట్లో చందువాలిచ్చిరావే. నక్షత్రం వాళ్ళు ఆదివారానికి రొయ్యలు చెప్పారు, గుర్తుపెట్టుకో" అనేది అమ్మ. నాకు అంతకంటే వివరం అక్కర్లేదు... సరిగ్గా ఆ ఇంటికే వెళ్ళేదాన్ని.

ఎంత బాగుండేవో అవన్నీ! పొద్దెక్కేకొద్దీ కుచ్చుల చూరు నీడ సున్నం గోడ మీద మెల్లగా కిందికి దిగేది. అమ్మ బేరం మధ్యలో ఆగిపోయి మరీ చూసేది. "ఎవరి చెయ్యీ అందనంత ఎత్తున ఇంత ఓపిగ్గా చెక్కారంటే... వాళ్ళకి దండం పెట్టాలే" అనేది.

మాదేమో తాటాకిల్లు. దానికి చూరుంది గానీ పేరు లేదు. వీధిలో అందరికీ అది 'చేపలోళ్ళ ఇల్లు'... అంతే.

నేను ఏడో తరగతిలో ఉండగా ఎట్టకేలకు మేమూ రెండు గదుల డాబా వేసుకున్నాం. స్లాబు పడిన రోజే నాన్న వేళాకోళంగా, "పిట్టగోడ మీద ఓ చేపని పెట్టిద్దాం... బాగా కలిసొస్తుంది" అన్నాడు. అమ్మ కళ్ళెర్రజేసింది.

"ఇన్నేళ్ళూ చేపలోళ్ళ ఇల్లు అనిపించుకున్నాం, చాలు. నేను హంసలు పెట్టిస్తా. రేపట్నించి అందరూ హంసల ఇల్లు అనాలి."

ఊళ్ళో వాళ్ళ ఇళ్ళన్నిటికీ పేర్లు పెట్టిన మనిషికి, తన ఇంటికి ఒక మంచి పేరు కావాలని ఎంత కోరికో అప్పుడు తెలిసింది నాకు.

మేస్త్రిగారిది కైకలూరు వైపు... కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. పనితనంలో వంక పెట్టలేం. బొమ్మలు ఆరేదాకా తడి గోనెపట్టాలు కప్పి ఉంచి, ఒక సాయంత్రం తీశారు. వీధి వీధంతా వచ్చి నిలబడింది.

ఎదురెదురుగా రెండు పక్షులు. ఈక ఈకా విడిగా తీర్చి ఉంది. కానీ ముక్కు మూరెడు పొడుగు... ఆ ముక్కు కింద సంచిలా వేలాడుతున్న గొంతు!

"మేస్త్రిగారూ... ఇవి హంసలేనాండీ?" అంది అమ్మ.

"హంసలేనమ్మా! నీళ్ళల్లో తిరిగే పెద్ద తెల్లపిట్టలే కదండీ? మా కొల్లేట్లో ఎన్నొస్తాయో!"

అవి గూడబాతులు. పాపం ఆయన్ని అనడానికేముంది... మా వీధిలో మాత్రం హంసను చూసిన వాళ్ళెవరు? అయినా అందరూ పగలబడి నవ్వారు. అమ్మ ముఖం చిన్నబోయింది.

"హంసలు అడిగితే చేపలు తినే పిట్టలొచ్చి కూర్చున్నాయి నా నెత్తిన" అంటూ ఆ పూట అన్నం ముట్టలేదు. వాటిని పగలగొట్టి తీసెయ్యమని మేస్త్రికి చెప్పించింది. నాకైతే ఏడుపొచ్చింది... అంత అందమైన రెక్కలు!

మర్నాడు చేపలమ్ముకుని కాలవ గట్టు మీదుగా తిరిగొస్తున్నాం. మలుపు దగ్గర అమ్మ ఆగిపోయింది. అక్కడ నుంచి సూటిగా మా ఇల్లే కనిపిస్తోంది. లేత నీలం గోడ పైన ఆ రెండు పక్షులూ అప్పుడే వచ్చి వాలినట్టున్నాయి.

చాలాసేపు చూసింది. "అవి చేపని అక్కడే తినెయ్యవంట... మీ తాత చెప్పేవాడు. గొంతు సంచీలో పెట్టుకుని, ఎంత దూరమైనా మోసుకొచ్చి పిల్లల నోట్లో పెడతాయంట."

నెత్తి మీద ఖాళీ గంప సర్దుకుంది. "మరి నేను చేసేదేంటి?" అంది.

ఇంటికెళ్ళేసరికి మేస్త్రిగారు సుత్తి, ఉలి పట్టుకుని పిట్టగోడ ఎక్కి కూర్చున్నారు. "వద్దులెండి మేస్త్రిగారూ, దిగండి. కళ్ళకి కాస్త నల్లరంగు మాత్రం పెట్టండి" అంది అమ్మ. ఆ వారం నుంచే వీధిలో అందరికీ మాది గూడబాతుల ఇల్లయిపోయింది.

ఇప్పుడా వీధిలో పెంకుటిళ్ళు లేవు. చిలకలు, సింహాలు, కుచ్చులు ఏవీ మిగల్లేదు... మా ఇల్లు తప్ప అన్నీ అద్దాలు బిగించిన అపార్ట్‌మెంట్లే. కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి లొకేషన్ పెట్టమంటే, అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంటుంది. "గూడబాతుల ఇల్లు ఎక్కడని అడుగు బాబూ, ఎవరైనా చెప్తారు" అంటుంది దర్జాగా.

ఎవరూ చెప్పలేరు... అలా పిలిచినవాళ్ళు వీధిలో ఎవరూ లేరిప్పుడు. ఆ అబ్బాయి ఇటూ అటూ తిరుగుతుంటే, చివరికి అమ్మే గేటు బయటికెళ్ళి, ఆ పక్షుల కింద నిలబడి చెయ్యి ఊపుతుంది.

మీ ఇంటి చూరు మీద ఏముండేదండీ? దాని పేరుతో మీ ఇంటిని పిలిచేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా...?