ఉప్పు మూట చూపిన దారి

తొంభైల్లో ఒకసారి, పుంగనూరులో ఎక్కిన బస్సు నన్ను కొండ కింద దించి వెళ్లిపోయింది. పైనున్న ఊరికి కాలిబాటే దిక్కు. పొద్దు వాలుతోంది. అరుగు మీద కూర్చున్న అవ్వను దారి అడిగితే, ఎర్ర గళ్ల గుడ్డలో కట్టిన ఉప్పు మూట నా చేతిలో పెట్టింది.

“ఇది రామక్కది. పైకి పొయ్యేవాళ్లే ఎత్తుకపోవాల. ఎవురి గుడ్డ ఏదో అందురికీ తెలుసు, వాళ్లే దావ చెప్తారు.”

“నేనెవరో నీకు తెలీదు కదవ్వా?”

“పైకే కదప్పా పోతాండావు.”

బాట చీలినచోటల్లా మేకలు కాసేవాళ్లు మూట చూసి, అడక్కముందే చెయ్యి చూపారు. పైన ఊళ్లో రామక్క మూట దించుకుని, కాళ్లకు నీళ్లిచ్చి, వేడి సంగటి పెట్టింది. పేరైనా అడగలేదు.

పొద్దున దిగుతుంటే సీతాఫలాల బుట్ట నా నెత్తికెత్తింది. కింద అవ్వ అది అందుకుని, ఊరివాణ్ణి అడిగినట్టే అడిగింది.

“మళ్లా ఎప్పుడు పోతావప్పా పైకి?”