ఇబ్రహీంపట్నంలో రెండు కార్ల పంపకం

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది, దసరా వెళ్ళిన వారం, వాహన సర్వేయర్‌గా నాకు ఇబ్రహీంపట్నంలో ఒక పని అప్పగించారు. ఒక పటేల్ తన పొలంలో కొంత ప్లాట్లకు అమ్మి, మోజుపడి రెండు పాత విదేశీ కార్లు కొన్నాడు. ఒకటి ఇంగ్లండుది, ఒకటి ఇటలీది. ఆయన పోయాక ఇద్దరు కొడుకుల మధ్య పంపకం వచ్చింది. ఏ కారు ఎంత మంచిదో నేను పోల్చి రాయాలి.

ఈ రకం కార్లను గ్రాండ్ టూరర్ అంటారు. ఇద్దరు కూర్చుని, అలసట లేకుండా, వేగంగా దూరాలు పోవడానికి చేసినవి. మా పద్ధతిలో ముందు ఇంజన్, చాసిస్ నంబర్లు కాగితాలతో సరిపోవాలి. తర్వాత గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బాడీ మీద జరుపుతాం. అది పట్టు వదిలిందంటే అక్కడ రేకు పోయి లప్పం పెట్టినట్టు. ఆఖరున రోడ్డు మీద నడిపి చూస్తాం.

సాగర్ రోడ్డులో రెండూ నడిపాను. ఇంగ్లండుది బరువు, స్టీరింగ్ మొండి, కానీ గుంత వస్తే మనిషికి తెలియనివ్వదు. సీట్లు, డాష్‌బోర్డు అసలువే. ఇటలీది తేలిక, మలుపులో చెప్పినట్టు వింటుంది, నడుముకు మాత్రం నరకం. ఇంజన్, కార్బురేటర్లు ముత్యాలు, ఒళ్ళంతా లప్పం. మొత్తం మీద ఇంగ్లండుదే పైచేయి అని రాశాను. ఏ భాగమూ మార్చకుండా ఉంచితేనే వీటికి విలువ అని కింద గీత గీసి మరీ చెప్పాను.

మొదటి నుంచీ ఆ కార్లను చూసుకున్న డ్రైవర్ యాకూబ్‌ది ఒకటే కోరిక. "ఎవరికేది పోయినా ఫికర్ లేదు సార్. రెండూ నడుస్తనే ఉండాలె. పటేల్‌కు జబాన్ ఇచ్చిన" అన్నాడు.

పెద్దకొడుక్కి నా రిపోర్టు నచ్చలేదు. "ఒకనికి మంచిది, ఇంకొకనికి చెడ్డదంటె ఎట్ల సార్? బాపు భూమి ఎట్ల పంచిండో గట్లనే పంచుకుంటం" అన్నాడు. అక్కడ ప్రతి మడినీ, ప్రతి మెట్ట చెలకనూ కూడా నిలువునా చెరిసగం చేస్తారు. మంచిదంతా ఒక్కడికే పోకూడదని. భూమికి అది న్యాయమే. కార్లను కూడా అలాగే ముక్కలు చేస్తారని నాకు తట్టలేదు.

ఇన్సూరెన్స్ కాగితాల కోసం మళ్ళీ వెళ్ళేసరికి పంపకం అయిపోయింది. ఇంగ్లండు సీటు ఒకటి ఇటలీ కారులో ఉంది. ఇటలీ కార్బురేటర్లలో సగం ఇంగ్లండు కారుకు తగిలించారు. చక్రాలు కూడా జతలు మార్చి బిగించారు. రెండూ స్టార్ట్ కావడం లేదు. నా రిపోర్టు ముందు పెట్టుకుని, అందులో మంచివని రాసినవన్నీ పంచారట. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా చేతులతోనే అన్నీ విప్పించిన్రు సార్" అన్నాడు యాకూబ్. నా వైపు చూడలేదు.

చిన్నకొడుకు ఉత్సాహంగా వచ్చాడు. "ఇప్పుడు చెప్పున్రి సార్, రెండిట్ల ఏది మంచిది?"

రెండూ సమానమని రాసి సంతకం పెట్టాను. అన్నదమ్ములిద్దరూ సంతోషించారు. పంచుకునేవాళ్ళకు వస్తువు బతకడం ముఖ్యం కాదని, పక్కవాడికి ఎక్కువ పోకపోతే చాలని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత పంపకాల సర్వే ఒక్కటీ ఒప్పుకోలేదు.