స్టూలు లాక్కుని కూర్చున్న సిస్టరమ్మ

ఇనుప స్టూలు నేల మీద గీసుకుపోయే చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నా మెడ అటు తిరుగుతుంది. ఈ పొద్దు కామారెడ్డి దవాఖానలోనూ తిరిగింది. పక్క మంచం దగ్గర ఎవరో స్టూలు జరిపారు, అంతే. మా బిడ్డ లావణ్య కానుపై, పసిగుడ్డును పక్కలో వేసుకుని నిద్రపోతోంది. నా చేతిలో దవాఖాన పిల్ల ఒకతి ఇచ్చిపోయిన కాగితం ఉంది. ‘మా సేవలతో మీరు తృప్తి చెందారా?’ అని అచ్చు వేసి, కింద గడులు గీశారు. కూడబలుక్కుని చదివాను. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. చదవడమైతే వచ్చింది గానీ ఏ గడిలో టిక్కు పెట్టాలో తోచలేదు. గది అద్దంలా ఉంది. తల్లీబిడ్డా క్షేమం. అయినా లావణ్యకు రెండు రోజులుగా ఎక్కిస్తున్న సీసా ఎందుకని ముగ్గురు నర్సులను అడిగితే, ముగ్గురూ నడుస్తూనే “ఏం కాదమ్మా” అన్నారు. దీన్ని బాగుందనాలా, బాగాలేదనాలా? ఇలా ఎటూ తేలనప్పుడల్లా నాకు సులోచన సిస్టర్ గుర్తొస్తుంది.

ఆమెను కలిసిన రోజుల్లో మేము లింగంపేటలో ఉండేవాళ్లం. నేను బీడీలు చుట్టేదాన్ని. నా పెనిమిటి సాయిలుకు షుగరు. కాలి బొటనవేలు పుండై నల్లబడితే ఎల్లారెడ్డిలో ఒక చిన్న దవాఖానలో చేర్పించాను. మర్నాడు ఆపరేషన్ అన్నారు. నేను ఇంటికి పోయి వచ్చేసరికి మంచానికి ఒక రాసిన అట్ట కట్టి ఉంది. నాకప్పటికి చదువు రాదు, ఆయన పేరు కాబోలు అనుకున్నాను. మా దిక్కు పెద్ద పనికి పోయే మనిషిని ఉత్త కడుపుతో పంపరు. నాట్లకు పోయినా, కోర్టుకు పోయినా గుక్కెడు అంబలి తాగించే పంపుతారు. తెల్లవారగానే నేనూ చెంబెడు జొన్న అంబలి పట్టించాను. జ్వరం మగతలో ఆయన తాగేశాడు.

కాసేపటికి ఒక నర్సు వచ్చి, “పొద్దుగాల ఏమన్న పెట్టినవా?” అని గద్దించింది. భయంతో లేదన్నాను. డాక్టరు గుమ్మంలో నిలబడి అడిగినా అదే మాట. చివరికి ఆయనను తీసుకుపోవడానికి సులోచన సిస్టర్ వచ్చింది. భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. నా మొహం చూసి, స్టూలు బరబరా లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“మా ఆయననైతే నేను ఉత్త కడుపుతోటి బస్సు గూడ ఎక్కనియ్య నర్సవ్వా. నువ్వేం పట్టిచ్చినవ్?”

“చెంబెడు అంబలి సిస్టరమ్మా. గంతనే.”

“గంతనేనా? మత్తుల ఉన్నప్పుడు గా అంబలి ఊపిరితిత్తులల్లకు పోతే మనిషే పోతడు.”

ఆపరేషన్ ఆగిపోయింది. డాక్టరు అందరి ముందూ ఆమె మీద కేకలేశాడు. “తప్పు నాదే సార్. చదువు రానామెకు అట్ట కట్టి పోయిన,” అంది. నాకేమీ అర్థం కాలేదు. అంబలి పోసింది నేను, అబద్ధమాడింది నేను. మధ్యాహ్నం ఆమె అట్ట విప్పి, వెనకవైపు చెంబు బొమ్మ గీసి అడ్డంగా కొట్టేసింది. తర్వాత ముందువైపు రాతను నా వేలుతో తడిమించింది. “‘నోటికి ఏమీ ఇవ్వరాదు’ అని ఉన్నది. మొదటిది న. నీ పేరుల గూడ గిదే ఉన్నది సూడు.” ఆ తర్వాత కట్టు మార్పించుకోవడానికి పోయినప్పుడల్లా ఒకటో రెండో అక్షరాలు నేర్పి పంపేది.

మరుసటి రోజు ఆపరేషన్ చేశారు. మొదట వేలు ఒక్కటే తీస్తామన్నవాళ్లు సగం పాదం తీశారు. కుళ్లు ఆ ఒక్క రోజులోనే పైకి పాకిందా, ముందే పాకి ఉందా? సిస్టర్‌ను అడిగాను. మళ్లీ స్టూలు లాక్కుంది.

“నాకు తెల్వది నర్సవ్వా. డాక్టర్ సారుకు గూడ తెల్వది. నీ అంబలితోని కాలేదని చెప్తే నీకు నిద్ర పడ్తది, గని నేను అబద్ధమాడినట్టయితది.”

ఆ రోజు ఆమె మీద కోపం వచ్చింది. ఆ ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది? సాయిలు బతికినన్నాళ్లూ కుంటుకుంటూనే, “చెంబెడు అంబలికి సగం పాదమిచ్చిన, మస్తు పిరమే!” అని నవ్వేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. సిస్టర్ రిటైరై ఊరు విడిచిపోయింది. ఆమె చేసింది మేలో కాదో ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు. కానీ ఏ దవాఖాన మెట్లెక్కినా నా కళ్లు వెతికేది ఆమెనే.

కాగితం ఇచ్చిన పిల్ల తిరిగొచ్చి మంచం పక్కన నిలబడింది. “రాసినవా అవ్వా? అన్నిటికీ మంచిగున్నదని పెట్టు, అయిపోతది.”

నేను కాలితో స్టూలు ముందుకు జరిపాను. “కూసో బిడ్డా. కూసోని అడుగు.”

“ఇంకా పది మంచాలున్నయ్ అవ్వా!”

“ఉండనీ.”

స్టూలు అంచున కూర్చుంది. “ఆ, చెప్పు.”

ఏం చెప్పాలో నాకింకా తేలలేదు. “నా బిడ్డకు ఎక్కిస్తున్న గా సీసా ఎందుకో నీకు ఎర్కేనా?” అన్నాను.

ఆ పిల్ల సీసా వైపు చూసింది. నా వైపు చూసింది. “నాకు తెల్వదవ్వా,” అంది మెల్లగా. “అడిగొస్త” అంటూ లేచి వెళ్లింది.

కాగితం మీద గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి. స్టూలును మాత్రం నేను అక్కడి నుంచి జరపలేదు.