పనామాలో బూట్లు విడిచిన నవోమి

ఏ ఓడ ఏ రేవుకు పోతుందో మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో నవోమిని అడిగితే చూడకుండా చెప్పేస్తుంది. కంటైనర్ల గోడౌన్‌లో ఆమె ఉద్యోగమే అది. ఏ పెట్టె ఎక్కడ పెట్టాలి, ఏది ముందు లారీ ఎక్కాలి అని కంప్యూటర్ ముందు కూర్చుని సర్దుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పని నేర్పేదీ ఆమే. బాల్బోవా, కల్లావ్, శాంటోస్ అని రోజూ నోట్లో నలిగే ఊళ్ళన్నీ ఆమెకు పెట్టెల మీది పేర్లే తప్ప ఊళ్ళు కావు. తను మాత్రం ఒంటరిగా మూడు గంటల దారిలో ఉన్న ఇపో దాకా కూడా పోలేదు. పోయిన ఒక్కసారీ ప్రార్థన గుంపుతో బస్సులో, పాటలు పాడుకుంటూ పోయింది.

అలాంటి మనిషిని పిలిచి కంపెనీవాళ్ళు కొత్త పని ఇస్తామన్నారు. దేశాలు తిరిగి, అక్కడి ఆఫీసుల్లో జనానికి పని నేర్పాలి. ఒక్కతే తిరగాలి. మొదటి ట్రిప్పు పెరూలోని లీమాకి.

"వెళ్ళి చూడు. వద్దంటే నీ పాత కుర్చీ ఎక్కడికీ పోదు. కానీ లీమాలో దిగేలోగా ఏదో ఒకటి చెప్పెయ్, నేను వేరేవాళ్ళని వెతుక్కోవాలి," అంది పైఆఫీసరు జయమణి.

నవోమికి ఆ పని కావాలి. ఎంత కావాలంటే, దాని కోసం తల్లి డోరతీ మీద జీవితంలో మొదటిసారి గొంతు లేపింది. డోరతీ మాత్రం గొంతు లేపలేదు. అన్నం వడ్డిస్తూ తాపీగా అడిగింది: "తప్పిపోతే ఏటి సేస్తావే? ఏ బాసలో ఏడుస్తావు?"

ఆ మాటే ముల్లులా దిగిపోయింది.

దారిలో పనామా సిటీలో విమానం మారాలి. పొద్దున్న దిగితే మళ్ళీ సాయంత్రం గానీ రెండోది లేదు. అందుకని నవోమి తనతో తానే ఒక ఒప్పందం చేసుకుంది. బెదిరిపోయి ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుండిపోతే జయమణికి జవాబు 'వద్దు'. ఒక్కతే ఊళ్ళోకి పోయి, చూసి, వేళకి తిరిగొస్తే 'సరే'.

దిగగానే ఇంటికి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడు రాత్రి.

"అమ్మా, ఊళ్ళోకి ఎల్తన్నాను."

"ఓలమ్మో! ఆ కుర్చీలో కూకుంటే నీకేటి నొప్పే?"

"ఇక్కడా మెట్రో ఉందమ్మా. మన ఎల్ఆర్‌టీ రైలు లాటిదే. పరవాలేదు."

"నీ పరవాలేదు తగలెయ్య. తిన్నావా?"

"విమానంలో పెట్టినారు."

"అదీ ఓ తిండేనా! సర్లే, ఎల్లి బేగి వచ్చీ. నువ్వు మళ్ళీ ఎయిర్‌పోర్టుకి వచ్చీసినానని సెప్పినదాకా నాను తొంగోను."

మెట్రో మారి, దిగి, జనం వెంట నడిచింది. చెమట కారింది. అదే ఉక్క, అదే ఉప్పు గాలి. కళ్ళు మూసుకుంటే క్లాంగే. సముద్రం ఒడ్డుకి వచ్చేసరికి నవోమి నిలబడిపోయింది. పనామా కాలువలోకి పోయే వంతు కోసం ఓడలు దూరంగా బారులు తీరి ఉన్నాయి, వాటి మీద తను రోజూ సర్దే రంగురంగుల పెట్టెలు. "ఓయ్, మీరా!" అంది పైకే, చుట్టాలు కనిపించినట్టు. బండివాడి దగ్గర తురిమిన ఐసు కొనుక్కుంది. ఎర్ర షర్బత్, పైన చిక్కటి తియ్యటి పాలు. అచ్చం క్లాంగ్‌లో అమ్మే ఐస్ కచాంగే! చిక్కుడు గింజలు, మొక్కజొన్న లేవంతే. భయం సగం కరిగింది.

పాత బస్తీ సందుల్లో తిరుగుతూ ఉంటే ఒక చిన్న చర్చి కనిపించింది. తలుపు తీసి ఉంది. నవోమి ఇంకేమీ ఆలోచించలేదు. క్లాంగ్‌లో వాళ్ళ తెలుగు ప్రార్థన ఒక దుకాణం మేడ మీద జరుగుతుంది. మెట్ల పొడుగునా చెప్పుల గుట్టే. మలేషియా రబ్బరు తోటల్లో పని చేసిన ముత్తవ్వల కాలం నుంచీ వాళ్ళింట్లో ఎవరూ దేవుడి గుమ్మం చెప్పులతో దాటలేదు. ఆమె కొత్త తెల్ల బూట్లు విప్పి, మేజోళ్ళు లోపల కుక్కి, మెట్టు మీద జతగా పెట్టి లోపలికి పోయింది. 'ప్రభువా, తప్పిపోకుండా చూడు' అని కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచి బయటికొస్తే మెట్టు ఖాళీ.

చుట్టూ చూసింది. ఒక ముసలామె మెట్లు ఊడుస్తోంది. నవోమి పాదాలు చూపించింది, మెట్టు చూపించింది, చేతులు తిప్పింది. ముసలామె చీపురు పడేసి రెండు చేతులూ చెంపలకి వేసుకుంది. నవోమి చాచిన ఫోన్‌లోకి స్పానిష్‌లో గబగబా ఏదో చెబితే, ఫోన్ దాన్ని ఇంగ్లీషులో వినిపించింది. లేనివాళ్ళ కోసం జనం ఆ మెట్టు మీద బట్టలూ బూట్లూ వదిలిపోతారట. ఇవీ అలాంటివే అనుకుని, పళ్ళు అమ్మే ఇట్సెల్‌ని పిలిచి తనే ఇచ్చేసిందట.

నవోమికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముసలామె సందులోకి చూసి కేక వేసింది.

ఇట్సెల్ వచ్చింది. లావుపాటి మనిషి, నెత్తి మీద బొప్పాయి ముక్కల పళ్ళెం, కాళ్ళకి తెల్లగా మెరుస్తున్న నవోమి బూట్లు. విమానంలో కాళ్ళు వాస్తాయని నవోమి ఒక సైజు పెద్దవి కొంది. ఇట్సెల్‌కి అచ్చంగా సరిపోయాయి. సంగతి వినగానే ఆమె ముఖం మాడిపోయింది. పళ్ళెం దింపి, మెట్టు మీద చతికిలబడి, లేసులు లాగడం మొదలెట్టింది.

బూట్లు తీసుకోవచ్చు. అవి తనవే. కానీ ఆమెవి ఏవి? సైగతో అడిగితే ఇట్సెల్ గోడ వారనున్న చెత్తబుట్ట చూపించింది. అందులో వైరు ముక్కతో కట్టిన రబ్బరు చెప్పులు.

క్లాంగ్ మెట్ల మీద ఒకరివి ఇంకొకరు తొడుక్కుపోవడం ప్రతి ఆదివారం జరిగేదే. దానికో పద్ధతి ఉంది: ఎవర్నీ కేకలెయ్యకు, మిగిలిన జత వేసుకుని ఇంటికి పో. నవోమి ఒకసారి అలా ఎవరో తాతగారి చెప్పుల్లో ఈడ్చుకుంటూ ఇల్లు చేరింది కూడా.

ఆమె బుట్టలోంచి ఆ చెప్పులు తీసి, దులిపి, తొడుక్కుంది. ఇట్సెల్ నోరు తెరిచింది. నవోమి దర్జాగా రెండడుగులు వేసింది. వైరు టప్పున తెగింది. ముందు ముసలామె నవ్వింది, తర్వాత ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వు ఆగాక చూసుకుంటే వేళ మించిపోతోంది. ఏ సందులోంచి వచ్చిందో గుర్తు లేదు. మెట్రో పేరు చెప్పగానే ఇట్సెల్ పళ్ళెం ముసలామెకి అప్పగించి, నవోమి చెయ్యి పట్టుకుంది. దారిలో చెప్పుల కొట్టు దగ్గర ఆగింది. కొట్టువాడు ధర చెప్పాడు. ఇట్సెల్ వాణ్ణి ఎగాదిగా చూసి, నవోమిని లాక్కుని వెళ్ళిపోతున్నట్టు నటించింది. వాడు వెనక్కి పిలిచాడు. క్లాంగ్ బజారులో అమ్మ చేసేదీ ఇదే! నవోమి కొత్త రబ్బరు చెప్పులతో స్టేషన్ మెట్లు దిగేదాకా ఇట్సెల్ పైనే నిలబడి చెయ్యి ఊపింది.

ఎయిర్‌పోర్టుకి వేళకే వచ్చింది. కానీ జయమణికి మెసేజ్ పెట్టబోయి ఆగింది. ఇది ఒక్కతే తిరిగి వచ్చినట్టేనా? ఫోన్ తల్లికే చేసి, జరిగిందంతా చెప్పేసింది.

"బూట్లు పోయినాయా? కొత్త బూట్లే!"

"పోనేదు, ఇచ్చినాను. అది కాదమ్మా. ఆ ఇట్సెల్ నేకపోతే నాను రాలేకపోదును. మరి ఒక్కదాన్నే ఎల్లొచ్చినట్టా, కాదా?"

"మీ ముత్తవ్వ ఓడ దిగినప్పుడు ఈ రేవులో ఎవులున్నారే?" అంది డోరతీ. "ఎవులో చైనా ముసలామె సెయ్యి పట్టుకుని రైలెక్కించినాది. అయినా ఒక్కతే వచ్చినాదనే కదేటి ఇంటిల్లిపాదీ గొప్పలు సెప్పుకుంటాం?"

నవోమి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అయితే సరే అని పెట్టీమంటావా?"

"నానొద్దంటే మానేస్తావేటి? మళ్ళీ నా మీద అరుస్తావు. పెట్టీ. నాకు నిద్రొస్తంది."

'సరే, వస్తాను' అని టైపు చేసి పంపేసింది. విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. సంచీ భుజాన వేసుకుంటూ ఉండగా ఫోన్‌లోంచి తల్లి గొంతు ఇంకా వస్తూనే ఉంది.

"ఒసే, ఉన్నావా? లీమా అయిపోయినాక ఏ ఊరే?"

"ఇంకా తెల్దమ్మా."

"తెలిసినాక సెప్పు. ఎక్కడుందో సూసుకుంటాను."