ఖాళీ జీను

యలహంకలో మా ఇంటి ఓనరు వేలెడంత గుర్రపు రౌతు బొమ్మలను ముక్కముక్కగా అతికించి, రంగులేసి, తను కల్పించుకున్న దేశానికి సైన్యంగా నిలిపేవాడు. ప్రతిదాన్నీ పెదాల దగ్గర పెట్టుకుని, రంగు ఆరేదాకా ఊదేవాడు. ఆదివారాలు బల్ల మీద యుద్ధమాడేవాళ్లం. శత్రుదేశం నాది. ఆటలో చచ్చిన రౌతును ఆయన మళ్లీ గుర్రమెక్కించడు. ఊడబెరికి, ఖాళీ జీనుకు నల్లరంగు వేస్తాడు.

ఆయన ఆస్పత్రి నుంచి వచ్చాడని తెలిసి పలకరించడానికి వెళ్లాను. తన మీసాల్లాంటి తెల్లమీసాలు గీసి పెట్టుకున్న సేనాపతి గుర్రం మీద లేడు.

“ఈ వారం మనం ఆడనే లేదు కదా సార్?”

“లంగ్స్ అయిపోయినాయంటప్పా. ఇంక ఆడేకి కాదు.”

జీను మీద నల్లరంగు ఇంకా తడిగానే ఉంది. ఊదబోయాడు. దగ్గు ముంచుకొచ్చింది. గుర్రాన్ని నా వైపు జరిపాడు.

“నువ్వన్నా ఊదప్పా.”