హ్యాండిలు నా చేతిలో ఉన్నప్పుడు

మా అక్క మొగుడు సింహాచలం కొండ కింద బళ్ల స్టాండులో టోకెన్లు ఇచ్చేవాడు. ఎడమ చేత్తో ఇచ్చేవాడు. దేవుడి దర్శనానికి వచ్చినవాళ్లు ఎడమ చేత్తో ఇచ్చింది పుచ్చుకోరు కదా, "ఏటయ్యా, కుడిసెయ్యి లేదేటి నీకు?" అని కసిరేవారు. బావ నోట్లో నాలుక లేనివాడు. కుడి చేతికి ఎప్పుడూ ఓ తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. దాని కింద బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే మిగిలాయి. ఒకసారి నేను పక్కనుండగా ఒకావిడ టోకెను విసిరికొట్టి, కుడిచేత్తో తీసి ఇమ్మంది. బావ వంగి ఎడమచేత్తోనే తీసి, తువ్వాలు చేతిని కూడా దానికి ఆనించి ఇచ్చాడు. తువ్వాలు జారింది. ఆవిడ ఆ చేతిని చూసి, గబగబా మెట్ల వైపు వెళ్లిపోయింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. నా కోపమంతా ఒక్కడి కోసం దాచిపెట్టుకున్నాను.

ఆ ఒక్కడు నేను పనిచేసే షెడ్డులో సూపర్‌వైజరు.

షెడ్డు గోపాలపట్నం దాటాక ఉంటుంది. పేరు చెప్పను. యుద్ధవిమానాల ముక్కులోనూ, కవచం తొడిగిన బళ్ల మీదా, ఓడల మీదా పెట్టే తిరుగుడు తుపాకుల్ని విప్పి, కడిగి, అరిగిన ముక్కలు మార్చి మళ్లీ బిగించడం మా పని. తూటాలు మా గుమ్మం తొక్కవు. పేలని తుపాకీకి భయమేంటి అనుకుంటారు చూడనివాళ్లు. అది ఆరు గొట్టాలను చెరుకుమోపులా ఒక్కటిగా కట్టిన తుపాకీ. మోపంతా గిర్రున తిరుగుతుంది. ఒక గొట్టం పేలుతుంటే మిగతావి ఖాళీ డొల్లను కక్కడమో, కొత్త తూటాను మింగడమో, కాస్త చల్లారడమో చేస్తుంటాయి. అందుకే దాని చప్పుడు విడివిడిగా వినబడదనీ, కొత్త గుడ్డ చింపినట్టు ఒకటే చప్పుడనీ చెబుతారు. నేను మాత్రం దాని నోట్లోంచి ఒక్క శబ్దం వినలేదు. నాకు తెలిసింది దాని కడుపు.

ఆ కడుపులో ఒక్కో గొట్టం వెనక, తూటాను గొట్టంలోకి తోసే ఇనప దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్నే బోల్టంటాం. బయటి తొడుగు లోపల వంకరగా చెక్కిన గాడి ఉంటుంది. మోపు తిరిగేకొద్దీ బోల్టులు ఆ గాడి వెంట ముందుకీ వెనక్కీ పరిగెడతాయి. వాటిని గాడిలో కూర్చోబెట్టాలంటే ఒకడు పక్కనున్న సందులోంచి చెయ్యి లోపలికి పెట్టాలి. ఇంకొకడు వెనక హ్యాండిలు పట్టుకుని మోపును కొంచెం కొంచెంగా తిప్పాలి. పళ్లచక్రాల పుణ్యమా అని హ్యాండిలు చిన్నపిల్ల తిప్పినా తిరుగుతుంది. లోపల వేలు అడ్డమొస్తే మాత్రం దానికి తెలియను కూడా తెలియదు.

అందుకే మా షెడ్డులో ఒక కట్టుబాటు. చెయ్యి లోపలున్నవాడిదే మాట. అతను బోల్టు మీంచి వేళ్లు తీసి "తిప్పు" అనాలి. హ్యాండిలు దగ్గరివాడు అదే మాట పైకి అనాలి, అన్నాకే తిప్పాలి. ఆ కాసేపూ షెడ్డులో ఇంకెవరూ నోరెత్తకూడదు. గ్రైండరు ఆగిపోతుంది, ఫోను మోగినా ఎవరూ ఎత్తరు, ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా గుమ్మంలోనే నిలబడతాడు.

బావ అక్కడ ఫిట్టరుగా ఉన్న రోజుల్లో నేను ఆనందపురం మార్కెట్లో పూల బస్తాలు మోసేవాణ్ణి. చెయ్యి పోయిన రోజు భోజనాల వేళ, అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లారట. తుపాకీ సాయంత్రానికి బండెక్కాలని సూపర్‌వైజరుకు తొందర. తానే వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. బావ వేళ్లు ఇంకా బోల్టు మీదే ఉన్నాయి, ఇంకా మాట ఇవ్వలేదు. ఆయన తిప్పేశాడు.

విచారణలో మాత్రం ఆయన, "వేళ్లు తీయకుండానే తిప్పమన్నాడు, తిప్పాను" అని చెప్పాడు. చూసినవాళ్లు లేరు. తప్పు బావదేనని తేల్చి ఇంటికి పంపేశారు. ఆసుపత్రిలో కూడా కన్నీళ్లు పెట్టని మనిషి, ఆ కబురు విన్న రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "సెయ్యి పోతే పోనీ బామ్మర్దీ. పని రానోడని పేరు పడిపోనాది సూడు, అది నాను మొయ్యలేను" అన్నాడు. ఆ తర్వాత షెడ్డువాళ్లు ఎవరు ఎదురైనా బావ రోడ్డు దాటి అవతలికి పోయేవాడు.

కొన్నాళ్లకు సూపర్‌వైజరు మా ఇంటికొచ్చి, పెద్ద ధర్మాత్ముడిలా, నన్ను పనిలో పెట్టిస్తానన్నాడు. ఆయన వెళ్లాక అక్క నా మీద విరుచుకుపడింది. "ఆడి కింద పని సేత్తావేట్రా, సిగ్గునేదా?" అంది. సేత్తానన్నాను. పుండు మీద కారం చల్లడానికి వచ్చినవాడికి దణ్ణం పెట్టి మరీ చేరాను. ఆయన టీ తాగుతానంటే పరిగెత్తి తెచ్చాను. "మీ ఇంటిల్లిపాదినీ నేనే చూసుకుంటున్నాను" అని పదిమందిలో ఆయన అంటే తలూపాను. లోపల కత్తులు నూరుకుంటూనే ఉన్నాను. హ్యాండిలు పని అడిగి మరీ నేర్చుకున్నాను. నాకంటే నిదానస్తుడు లేడని పేరు తెచ్చుకున్నాను. ఫిట్టర్లందరూ నన్నే కావాలనేవారు. పగ మనిషికి ఇంత ఓపిక నేర్పుతుందని నాకు అంతకుముందు తెలియదు.

సూపర్‌వైజరుకు ఓ సరదా ఉండేది. బయటినుంచి పెద్దవాళ్లు వస్తే ఫిట్టరును పక్కకు జరిపి, చొక్కా చేతులు మడిచి, తానే చెయ్యి లోపల పెట్టి చూపించేవాడు. పోయినేడు ఓ ఉదయం అలాగే ఆఫీసర్లు వచ్చారు. గుమ్మంలో వాళ్ల పక్కన మా ఓనరు నిలబడ్డాడు. సూపర్‌వైజరు గడియారం తీసి బల్ల మీద పెట్టి, మా ముసలి ఫిట్టరును లేవమన్నాడు. హ్యాండిలు దగ్గర నేనున్నాను. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారే, అదీ సంగతి.

"తిప్పు" అన్నాడు. "తిప్పు" అన్నాను, తిప్పాను. బోల్టు సగం గాడిలోకి దిగాక "ఆగు" అన్నాడు, ఆగాను. అక్కడికొచ్చేసరికి మణికట్టు బోల్టు తోకకూ సందు అంచుకూ మధ్య ఉంటుంది. చెయ్యి బయటికి రావాలంటే హ్యాండిలు కొంచెం వెనక్కి రావాలి, ముందుకు కదిలితే మణికట్టు నలిగిపోతుంది. ఈ సంగతి మా షెడ్డులో అందరికీ తెలుసు.

"వెనక్కి" అన్నాడు. నేను ఆ మాట అనలేదు.

మళ్లీ అన్నాడు. షెడ్డంతా నిశ్శబ్దం. మా కట్టుబాటే నాకు కాపలా కాసింది.

"ఒకటి అడుగుతాను సార్. ఆ రోజు మా బావ మాటిచ్చాడా?"

ఆయన గుడ్లురిమి చూశాడు. "ఏంటిది? వెనక్కి తిప్పరా!"

"మాటిచ్చాడా, నేదా?"

ఓనరు గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. మా ముసలి ఫిట్టరు ఆయన భుజం పట్టి ఆపాడు. "ఆగండి బాబూ, ఆడు ఉలిక్కిపడితే హ్యాండిలు కదుల్తాది" అన్నాడు. నేను ఉలిక్కిపడే స్థితిలో లేను. నా చెయ్యి అంత నిబ్బరంగా ఎన్నడూ లేదు. ముందుకు తిప్పే ఉద్దేశమూ నాకు లేదు. ఆ సంగతి సూపర్‌వైజరుకు తెలియకపోవడమే నాకు కావలసింది.

"ఇచ్చాడు" అన్నాడు. నేను పట్టు సడలించి, మళ్లీ గట్టిగా పట్టుకున్నాను. అంతే. లోపల పళ్లచక్రం చిన్నగా టిక్కుమంది.

"ఇవ్వలేదు! ఇవ్వలేదు బాబూ! నానే తిప్పీసినాను. తొందరలో నానే తిప్పీసినాను. ఆడు మాటివ్వలేదు, ఆడిది తప్పు నేదు!" ఎన్నాళ్లుగానో అలవాటు చేసుకున్న పట్నం భాష అంతా ఒక్క దెబ్బకి వదిలి, మా ఊళ్ల మాటల్లోకి దిగిపోయాడు. చెమటకు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆఫీసర్లు విన్నారు, ఓనరు విన్నాడు, అందరూ విన్నారు.

"వెనక్కి" అన్నాను పైకి. తిప్పాను. చెయ్యి బయటికొచ్చింది. ఆయన గుప్పిట మూసి, తెరిచి, వేళ్లు చూసుకున్నాడు. ఆ క్షణంలో నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దానికి సిగ్గుపడాలని ఇప్పటికీ అనిపించదు.

ఆయన మళ్లీ షెడ్డుకు ముఖం చూపించలేదు. ఓనరు స్వయంగా సింహాచలం వెళ్లి, స్టాండులో జనం చూస్తుండగా బావకు క్షమాపణ చెప్పి, తిరిగి పనిలోకి రమ్మన్నాడు. ఆ సాయంత్రం నేను బావ దగ్గర కూర్చుని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మెచ్చుకుంటాడని చూశాను.

"ఆడి సెయ్యి లోపలున్నప్పుడు అడిగావా?" అన్నాడు.

"అవును బావా. నేకపోతే సెప్తాడేటి?"

బావ తువ్వాలు విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

సోమవారం బావ పనిలోకి వచ్చాడు. గుమ్మం దగ్గరే తువ్వాలు తీసి సంచిలో పెట్టేశాడు. ముసలి ఫిట్టరు తన స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. బావ కూర్చుని, మిగిలిన మంచి చేతిని, ఆ ఎడమ చేతినే, సందులోకి పెట్టాడు. గ్రైండరు ఆగింది. నేను ముందుకొచ్చి హ్యాండిలును నూనెగుడ్డతో తుడిచి పట్టుకున్నాను. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆ మనిషి తలెత్తి నా వైపు చూశాడు.

"నువ్వొద్దు బామ్మర్దీ. ఇంకెవుడినైనా రమ్మను."

కోపంగా అనలేదు. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. తెలిసినా, ఆ సూపర్‌వైజరు చెయ్యి మళ్లీ ఆ సందులో దొరికితే మళ్లీ అదే అడుగుతాను. హ్యాండిలు వదిలేసి గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఎవరో వచ్చి నా చోట కూర్చున్నారు. బావ "తిప్పు" అన్నాడు, అతనూ "తిప్పు" అన్నాడు.

ఆ కాసేపూ ఎవరూ నోరెత్తకూడదు. నేనూ ఎత్తలేదు.